‘మెంటల్’ ఒకప్పుడు మర్యాద మాటే!

[తెరపై: ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ బోర్డు]

ఎర్రగడ్డలో రైతుబజార్ ఉంది, ఛాతీ ఆసుపత్రి ఉంది, మెట్రో ఉంది. అయినా హైదరాబాద్‌లో ఎవరైనా "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలిరా" అంటే కూరగాయలకి పంపిస్తున్నారని ఎవరూ అనుకోరు. వైజాగ్‌లో చినవాల్తేరుదీ అదే గతి. మానసిక ఆసుపత్రి ఉన్న పాపానికి ఊరి పేరే తిట్టయిపోయింది.

‘పిచ్చాసుపత్రి’ అంటే మోటుగా ఉందని ‘మెంటల్ హాస్పిటల్’ అన్నాం. ఇంగ్లీషు కదా, గౌరవంగా వినిపించింది. మరి ఇప్పుడు? "ఒరేయ్ మెంటల్!"

[తెరపై: 1912 – 1987 – 2017]

చట్టాలదీ ఇదే దారి. 1912 నాటి చట్టం పేరే ఇండియన్ లూనసీ యాక్ట్, అంటే పిచ్చి గురించిన చట్టం. ‘లూనటిక్’ (పిచ్చివాడు) అంటే ఎవరో చెప్పడానికి అందులో ‘ఇడియట్’ అని రాశారు. అప్పట్లో అది తిట్టు కాదండోయ్, డాక్టర్లూ జడ్జీలూ వాడే సాంకేతిక పదం! 1987 చట్టం ఆ మాటల్ని పక్కనపెట్టి ‘మానసిక జబ్బు ఉన్న వ్యక్తి’ అంది. 2017 చట్టం ఆ వ్యక్తి హక్కుల దాకా వచ్చింది. ఎంపీగా ఎవరు ఉండకూడదో చెప్పే రాజ్యాంగం 102వ అధికరణంలో మాత్రం ‘అన్‌సౌండ్ మైండ్’ (మతిస్థిమితం లేని) అనే మాట ఇంకా అలాగే ఉంది.

మరి పేరు మారిస్తే లాభం లేదా? జపాన్ సంగతి చూడండి.

[తెరపై: జపాన్ మ్యాప్, 2002]

లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా. అక్కడ దాన్ని ‘మనసు చీలిపోయిన జబ్బు’ అనేవాళ్లు. ఆ పేరు రోగికి చెప్పడానికి డాక్టర్లకే నోరు వచ్చేది కాదు. పేషెంట్ల కుటుంబాలు పట్టుబట్టడంతో 2002లో ‘సమన్వయం తప్పడం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అంతకుముందు సుమారు 37 శాతం మందికే జబ్బు పేరు చెప్పేవాళ్లు, రెండేళ్లలో అది 70 శాతం దగ్గరికొచ్చింది. అయితే వాళ్లు బోర్డు ఒక్కటే మార్చలేదు. ఇది మందులతో, ఆసరాతో అదుపులో ఉండే జబ్బని కూడా కలిపి చెప్పారు.

మన దగ్గర పెళ్లి సంబంధాల్లో "అబ్బాయి ఏవో మందులు వాడతాడట" అంటారు. ఇందులో తిట్టు ఎక్కడుంది? సంబంధం మాత్రం తప్పిపోతుంది.

అలాగని ‘సినిమా పిచ్చి’, ‘క్రికెట్ పిచ్చి’ కూడా మానెయ్యాలని నేననను. దాంతో ఎవరికీ దెబ్బ తగలదు. నాకు ఇబ్బందల్లా, బీరువా సర్దుకుని "నాకు ఓసీడీ" అనడం. ఓసీడీ అంటే వద్దనుకున్నా అదే ఆలోచన, అదే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. చేతులు తోలు ఊడేలా కడుక్కుంటూ ఆపుకోలేక ఏడ్చే మనిషి అదే మాట చెబితే, ఇక ఎవరు నమ్ముతారు?

[తెరపై: 14416]

ఇది టెలీ మానస్ నంబర్, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. జబ్బు పేరు తెలియక్కర్లేదు. "నిద్ర పట్టట్లేదు, ఊరికే దడగా ఉంటోంది" అన్నా చాలు.