మేరీ నిజంగా మారిపోయిందా? 'ల్యాంబ్ టు ద స్లాటర్' కథ రివ్యూ

నమస్కారమండీ. ఈసారి కథ రోల్డ్ డాల్ రాసిన 'ల్యాంబ్ టు ద స్లాటర్'. 1953లో హార్పర్స్ మ్యాగజైన్‌లో వచ్చింది. ముగింపు చెప్పకుండా దీని గురించి మాట్లాడటం నావల్ల కాదు. చదవనివాళ్లు వీడియో ఆపి చదివేసి రండి, చిన్న కథే.

మేరీ ఆరు నెలల గర్భిణి. భర్త ప్యాట్రిక్ పోలీసు డిటెక్టివ్. కుట్టుపని చేసుకుంటూ మాటిమాటికీ గడియారం చూస్తుంటుంది. టెన్షన్‌తో కాదు, నిమిషం గడిచేకొద్దీ ఆయన ఇంటికొచ్చే వేళ దగ్గరపడుతోందన్న సంతోషంతో. రాగానే కోటు అందుకుంటుంది, విస్కీ కలిపిస్తుంది, ఆయన అలసట తీరేదాకా నోరు మెదపకుండా కూర్చుంటుంది. ఆ రోజు మాత్రం ఆయన సగానికి సగం మిగిలిన గ్లాసును ఒక్క గుక్కలో ఖాళీ చేస్తాడు. అక్కడే మనకి గుండె గుభేలుమంటుంది.

తర్వాత వదిలేస్తున్నానని చెబుతాడు. ఆ నాలుగైదు నిమిషాల మాటల్ని డాల్ మనకి వినిపించడు. చివరి ముక్క ఒక్కటే వినిపిస్తాడు: డబ్బులిస్తాను, నీకు లోటు లేకుండా చూస్తాను, గొడవ మాత్రం చెయ్యకు, నా ఉద్యోగానికి మంచిది కాదు. కడుపుతో ఉన్న భార్యతో అనాల్సిన మాటలా ఇవి? అతను వెళ్లిపోతున్నందుకన్నా ఈ మాటకే నాకు ఒళ్లు మండింది.

ఆమె ఏడవదు, అరవదు. వంట చేస్తానంటుంది. ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన గొర్రె తొడ తెస్తుంది. నాకోసం వండకు, నేను బయటికెళ్తున్నా అంటాడతను, ఆమెకి వీపు పెట్టి. ఆ తొడతోనే తల మీద ఒక్క దెబ్బ. అంతే.

పతివ్రత రాక్షసిగా మారిన కథ ఇదంటే నేనొప్పుకోను. ఆ తర్వాత ఆమె చేసే పనులు చూడండి. మాంసాన్ని ఓవెన్‌లో పెడుతుంది. చంపిన వేళకి తను కొట్టుకెళ్లినట్టు అందరూ నమ్మాలి కదా, అందుకని అద్దం ముందు కూర్చుని, బంగాళాదుంపలు కావాలని కొట్టువాణ్ని ఎలా అడగాలో గొంతు సరిచేసుకుంటుంది. ఆయనకిష్టమని చీజ్‌కేక్ కూడా తెస్తుంది. ఆయుధం కోసం వెతికి వెతికి అలిసిన పోలీసుల్ని భోంచెయ్యమని బతిమాలుతుంది, ఆ ఆయుధం కాస్తా వాళ్ల కడుపుల్లోకి పోతుంది. అన్నీ ఆమెకి చేయి తిరిగిన ఇల్లాలి పనులే! శవం దగ్గర ఏడ్చిన ఏడుపు కూడా నిజమైనదే, నటించాల్సిన అవసరం రాలేదని డాలే రాశాడు. తనకి శిక్ష పడితే పడనీ అనుకుంటుంది, కానీ కడుపులో బిడ్డనేం చేస్తారు? ఆ ఒక్క ప్రశ్నే ఆమెని కొట్టుదాకా నడిపిస్తుంది. సేవ అదే, చేసేది మాత్రం ఇప్పుడు బిడ్డ కోసం.

1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడా కమలిని మొగుడికి బుద్ధొచ్చేలా చేసి, చివర్లో మంచం కింద నుంచి నవ్వుతుంది. ఆ నవ్వు వింటే మనకీ హాయిగా ఉంటుంది, కాపురం నిలబడింది కదా. ఇక్కడేమో, ఆయుధం మన ముక్కు కిందే ఉండుంటుందని పోలీసులు తింటూ అనుకుంటుంటే పక్కగదిలో మేరీ నవ్వుతుంది. అంతదాకా ఆమె పక్షానే ఉన్న నాకు అక్కడ మాత్రం, ఈమె చేతుల్లో ఆ బిడ్డ ఎలా పెరుగుతుందోనని భయమేసింది.