ఫ్రిస్కో సోఫాలో మిరప చేను

హాయ్ అండీ, అందరూ బావున్నారా? ఇవాళ ఇల్లు సర్దేసి చూపించట్లేదు. కెమెరా నేరుగా సింక్ వైపే తిప్పుతున్నా, చూడండి. రాత్రి తిన్న కంచాలు అలాగే ఉన్నాయి. ఆ పక్కన ఇడ్లీ పిండి. నిన్న మధ్యాహ్నం రుబ్బి, పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టేద్దామనుకున్నా. టెక్సాస్‌లో మా ఫ్రిస్కో ఎండలు కదా, ఎంతసేపు పడుతుంది? పొంగి, గిన్నె దాటి, గట్టు మీద పారి, కింద స్పూన్ల డ్రాయర్‌లోకి కూడా దిగింది. అంతసేపూ నేను పది అడుగుల దూరంలో ఈ సోఫాలోనే ఉన్నా. చేనుకి నీళ్ళు పెడుతున్నా.

చేను అంటే ఆటలో చేను లెండి. స్టార్‌డ్యూ వ్యాలీ అని 2016లో వచ్చింది. ఎరిక్ బరోన్ అనే ఆయన ఒక్కడే నాలుగేళ్ళకు పైగా కూర్చుని బొమ్మలూ సంగీతమూ కథా అన్నీ చేసుకున్నాడు. ఆఫీసు క్యూబికల్‌లో విసిగిపోయిన మనిషి, తాత పోతూ పోతూ ఇచ్చిన ఉత్తరం విప్పుతుంది. అందులో ఆయన పొలం ఈమెకి రాసిచ్చి ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా ఐటీలో ఉన్న గుంటూరు జిల్లా రైతు కూతురికి ఈ కథ చెప్పొచ్చా అండీ? మీరే చెప్పండి.

మొదట చేతిలో 500 నాణేలు, 15 విత్తనాలు, అంతే. ఆటలో ఒక రోజంటే మనకి పద్నాలుగు నిమిషాలు. అసలు మెలిక ఎక్కడుందంటే, మన మనిషి మంచమెక్కి పడుకుంటేనే ఆట సేవ్ అవుతుంది. పడుకోగానే తెల్లారిపోతుంది. తెల్లారితే మొక్క ఇంకాస్త ఎదిగి కనిపిస్తుంది, ఎదిగిందాన్ని చూసి నీళ్ళు పెట్టకుండా ఎలా వదిలేస్తాం? రాత్రి రెండింటిలోపు ఇంటికి చేరకపోతే ఆ పిల్ల ఉన్నచోటే కళ్ళు తిరిగి పడిపోతుంది, డబ్బులు కూడా పోతాయి. అందుకని నేను దాన్ని రోజూ వేళకి పడుకోబెట్టేదాన్ని. నేను మాత్రం ఒంటిగంటన్నరకి.

పోయిన వారం మా ఆయన ఏమీ అనకుండా నింటెండో స్విచ్, అదే నేను ఈ ఆట ఆడే చేతి మెషిన్, తెచ్చి ఎన్ని గంటలు ఆడానో చూపే నా ప్రొఫైల్ తెరిచి చూపించారు. 400 గంటలు, ఆ పైన. వారానికి నలభై గంటల ఉద్యోగం లెక్కన పది వారాలు! నాకు ఏడాదికి ఉండే సెలవులు మూడు వారాలు. ఇంకో లెక్క కూడా వేశాను, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆటలో ఏడాదికి 112 రోజులు. అంటే నేను పదిహేనేళ్ళ వ్యవసాయం చేశాను.

ఇది జబ్బేమోనని కూడా చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుండటం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాదిపాటు సాగితే అంటారట. నాకు అంత లేదులెండి. కానీ ఆ రెండోది చదువుతున్నప్పుడు డ్రాయర్‌లో పిండి గుర్తొచ్చింది.

ఇప్పుడు నాన్న సంగతి. మాకూ ఇండియాకీ ఇప్పుడు పదిన్నర గంటల తేడా. నాకు ఒంటిగంటన్నర అయితే ఆయనకి మధ్యాహ్నం పన్నెండు, భోజనానికి ముందు వాట్సాప్ చూసుకునే టైమ్. "ఏంటమ్మా, ఇంకా పడుకోలేదా?" అని మెసేజ్. "ఆఫీసులో రిలీజ్ ఉంది నాన్నా" అని నేను. ఇలా నాలుగైదుసార్లు అబద్ధం చెప్పాను. "ఆరోగ్యం చూసుకో, ఆ ఉద్యోగం కాకపోతే ఇంకోటి" అన్నారు. అది విన్నాక ఇంక నావల్ల కాలేదు. నిన్న వీడియో కాల్ చేసి చెప్పేశాను. తిడతారనుకున్నా.

"ఏం వేశావ్?" అన్నారు.

"మిర్చి నాన్నా."

"ఎన్నాళ్ళకి కాపు?"

"ఐదు రోజులకి. తర్వాత మూడు రోజులకోసారి కోతే."

అమ్మని పిలిచారు, ఇది విందువు గాని రా అని. "పురుగు?" అన్నారు. పురుగు లేదు, కాకులొస్తాయి, దిష్టిబొమ్మ పెడితే చాలు అన్నాను. "రేటు?" రేటు మారదు నాన్నా, ఏడాదంతా ఒకటే. యార్డుకి వెళ్ళక్కర్లేదు, ఇంటి ముందు పెట్టెలో వేస్తే రాత్రికి రాత్రే తీసుకుపోతారు, పొద్దున్నకి డబ్బులుంటాయి.

నాన్న నవ్వారు. చాలాసేపు నవ్వారండీ. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మా చేను పూత మొత్తం పోయింది. మందులు కొట్టీ కొట్టీ ఆఖరికి దున్నేశారు. ఆ మరుసటి ఏడే పొలం కౌలుకిచ్చేశారు. అప్పట్నుంచి ఆయన చేను గురించి మాట్లాడింది లేదు, నేనూ అడిగింది లేదు. నిన్న గంటంబావు మాట్లాడారు.

నా వరకు ఒక ఏర్పాటు చేసుకున్నా. స్విచ్ బట్టల బీరువాలో పై అరలో ఉంటుంది. శని, ఆదివారాల్లో ఆటలో ఒక్క వారం, అంటే ఇంచుమించు వంద నిమిషాలు. మొదటి శనివారమే తప్పాను, దాచడం ఎందుకు, వంద కాస్తా నూటనలభై అయింది. వంటగది గడియారంలో అలారం పెట్టుకుంటున్నా ఇప్పుడు.

ఆగండి, ఫోన్ మోగుతోంది. నాన్నే. ఇవాళ ఆయనకి చేను చూపిస్తానన్నా... ఆ, నాన్నా, కనబడుతోందా? ఇదిగో, ఇదంతా మిర్చే.

"మరీ దగ్గర దగ్గరగా పెట్టావేంటమ్మా, మొక్కకీ మొక్కకీ ఎడం ఉండొద్దూ?"