తన ఓటు తానే వేయడం

శ్రోతలకు నమస్కారం.

దివ్యాంగుల ఓటు హక్కు అనగానే మన ఆలోచన ర్యాంపుల దగ్గర, చక్రాల కుర్చీల దగ్గర మొదలై చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఓటరును పోలింగ్ కేంద్రం దాకా చేర్చడం తప్పనిసరే. అయితే చట్టం ప్రతి ఓటరుకూ ఇచ్చిన హామీ గుమ్మం దాటించడంతో తీరిపోదు. ఎవరి కంటా పడకుండా, తనకు నచ్చిన గుర్తు పక్కన తానే బటన్ నొక్కే అవకాశం కూడా ఆ హామీలో భాగం. ఆ రెండో సగం దివ్యాంగులకు ఎంతవరకు దక్కిందన్నది ఈ రోజు నేను మాట్లాడదలచిన విషయం.

2004 లోక్‌సభ ఎన్నికల వేళ దివ్యాంగుల హక్కుల కోసం పనిచేసే డిజేబుల్డ్ రైట్స్ గ్రూప్ ఈ సమస్యను సుప్రీంకోర్టు ముందుకు తీసుకెళ్లింది. పోలింగ్ కేంద్రాలకు కనీసం చెక్క ర్యాంపులైనా ఏర్పాటు చేయాలని న్యాయస్థానం ఆదేశించింది. అదే ఏడాది హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ శాసనసభ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో, ఓటింగ్ యంత్రంపై బ్రెయిలీ అంకెలను, అంటే వేళ్లతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపిలోని అంకెలను, ఎన్నికల సంఘం ప్రయోగాత్మకంగా పరీక్షించింది. నియోజకవర్గాల పునర్విభజనతో ఆ స్థానం పేరే జాబితాలోంచి పోయింది గానీ, ఆ ప్రయోగం మాత్రం కొన్ని రాష్ట్రాల మీదుగా సాగి, 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటికీ చేరింది.

దాని పనితీరు చాలా సులువు. బ్యాలెట్ యూనిట్‌పై నీలిరంగు బటన్ల పక్కన ఒకటి నుంచి పదహారు వరకు అంకెలు బ్రెయిలీలో ఉంటాయి. అభ్యర్థుల పేర్లు వరుసగా బ్రెయిలీలో ముద్రించిన నమూనా పత్రం ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉంటుంది. అంధ ఓటరు ఆ పత్రాన్ని వేళ్లతో చదువుకొని, తనకు కావలసిన అభ్యర్థి సంఖ్యను గుర్తుపెట్టుకొని, ఒంటరిగా లోపలికి వెళ్లి ఆ బటన్ నొక్కవచ్చు. బీప్ శబ్దం వినిపిస్తే ఓటు నమోదైనట్టే. ఇక మధుమేహం వల్లనో, గ్లకోమా అనే కంటి జబ్బు వల్లనో నడివయసులో చూపు పోయినవారిలో చాలామందికి బ్రెయిలీ రాదు. వారికి ఈ చుక్కల వల్ల ప్రయోజనం తక్కువ. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రపు చీటీ గాజు పలక వెనుక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది. తన ఓటు తాననుకున్నవారికే పడిందని చూసుకునే ఆ అవకాశం చూపులేని ఓటరుకు నేటికీ లేదు.

స్వయంగా బటన్ నొక్కలేనివారి కోసం 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 49ఎన్ అనే నిబంధన ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన ఒక తోడును లోపలికి తీసుకెళ్లవచ్చు. ఆ తోడు ఓటరు కోరినట్టే ఓటు వేయాలి, దాన్ని రహస్యంగా ఉంచుతానని ముందే ప్రకటన ఇవ్వాలి, ఒక రోజులో ఒక్కరికి మించి తోడు వెళ్లకూడదు. ఏ పార్టీ కార్యకర్తో పది మందిని చేయిపట్టుకు తెచ్చి పది ఓట్లూ తానే నొక్కకుండా ఈ చివరి షరతు అడ్డుపడుతుంది. ఓటరు నడవలేకపోయినా వేలితో నొక్కగలిగితే, తోడు వచ్చినవారు ఓటు వేసే కంపార్ట్‌మెంట్ దాకా తీసుకొచ్చి బయటే ఆగాలి. ఆచరణలో గీత చెరిగిపోయేది సరిగ్గా ఇక్కడే. అధికారి ఓటరును వదిలేసి పక్కనున్న కొడుకునో కోడలినో అడుగుతారు. వారు ఆలోచించకుండానే లోపలికి నడుస్తారు. తోడు కావాలా అన్న ప్రశ్న మొదట ఓటరుకే వేయాలి, జవాబు కూడా ఓటరు నోటి నుంచో, సైగ నుంచో రావాలి.

ఈ నిబంధనలు రాసినవారు కొన్నిచోట్ల ఎంతో ముందుచూపు చూపారు. సిరా గుర్తు ఎడమ చేతి చూపుడు వేలికి పెట్టాలని చెప్పి ఊరుకోలేదు. ఆ వేలు లేకపోతే ఆ చేతి మరో వేలికి, ఎడమ చేతి వేళ్లేవీ లేకపోతే కుడి చేతి వేలికి, రెండు చేతుల వేళ్లూ లేకపోతే చేయి ఎంతవరకు ఉంటే ఆ చివరకు పెట్టాలని రాశారు. వేళ్లు లేవు గనుక ఓటు లేదనే మాటకు అక్కడ తావే లేదు.

మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విషయంలో మాత్రం అపోహలు బలంగా ఉన్నాయి. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండినా, వీడికి ఓటెందుకని జాబితాలో పేరే చేర్పించని కుటుంబాలు ఉన్నాయి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, మతిస్థిమితం లేదని తగిన న్యాయస్థానం ప్రకటిస్తే తప్ప ఆ కారణంతో ఎవరి పేరునూ జాబితా నుంచి తప్పించడానికి వీల్లేదు. వైద్యుడి ధ్రువపత్రంతోనో, బూత్ స్థాయి అధికారి అభిప్రాయంతోనో ఆ హక్కు పోదు.

ఎన్నికల నిర్వహణ నిబంధనలకు 2019లో వచ్చిన సవరణతో ఇంటి నుంచే ఓటు వేసే వీలు కలిగింది. ఆ ఏడాది ఝార్ఖండ్‌లో కొన్ని స్థానాల్లో మొదలై, 2024లో తొలిసారిగా లోక్‌సభ ఎన్నికలంతటికీ వర్తించింది. కనీసం నలభై శాతం వైకల్యం ఉన్నట్టు సదరం వంటి ధ్రువపత్రం ఉన్నవారు, నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోగా 12డి ఫారం ఇవ్వాలి. ఆ తరువాత అధికారుల బృందం బ్యాలెట్ పత్రంతో ఇంటికి వస్తుంది. మంచం దిగలేనివారికి ఇది గొప్ప ఊరట. కానీ ఇంటికి వచ్చేది కాగితం. దాని మీద బ్రెయిలీ ఉండదు. యంత్రం దగ్గర ఒంటరిగా ఓటు వేయగల అంధుడు ఇంట్లో మళ్లీ తోడు మీద ఆధారపడాలి, అదీ ఇంటివాళ్లందరి నడుమ. పైగా ఈ పద్ధతి ఎంచుకున్నవారు పోలింగ్ రోజు కేంద్రానికి వెళ్లి ఓటు వేయలేరు. మెట్లెక్కలేకపోతే ఇంటి దగ్గరే వేయవచ్చు కదా అంటూ ర్యాంపు కట్టకుండా తప్పించుకోవడానికి ఈ సౌకర్యం సాకు కాకూడదు.

2024 ఎన్నికల నాటికి ఓటర్ల జాబితాలో దివ్యాంగులుగా నమోదైనవారు సుమారు 88 లక్షలు. 2011 జనగణన లెక్కించిన దివ్యాంగులు 2.68 కోట్లు. అందులో పిల్లలను తీసివేసినా, రెండు అంకెల మధ్య దూరం చాలా ఉంది. చాలామందికి ఓటు ఉన్నా, జాబితాలో వైకల్యం వివరం లేదన్నమాట. ఏ కేంద్రానికి చక్రాల కుర్చీ పంపాలో, ఎక్కడ సైగల భాష తెలిసినవారు కావాలో ఆ వివరం బట్టే తెలుస్తుంది. ఎనిమిదో నంబరు ఫారంతోనో, ఎన్నికల సంఘం వారి సక్షం యాప్‌తోనో దాన్ని నమోదు చేయించుకోవచ్చు. 1950 నంబరుకు ఫోన్ చేసి వివరాలు అడగవచ్చు.

చివరిగా గ్రామ పంచాయతీల మాట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని పదకొండో సెక్షన్, పోలింగ్ కేంద్రాలూ ఎన్నికల సామగ్రీ దివ్యాంగులకు అందుబాటులో ఉండాలంటూ రాష్ట్ర ఎన్నికల సంఘాలకు కూడా బాధ్యత అప్పగించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ సర్పంచ్ ఎన్నిక బ్యాలెట్ పత్రంతోనే జరుగుతుంది. చూపులేనివారు తడిమి గుర్తించగలిగేది ఆ కాగితం మీద ఏమీ ఉండదు. ఊరిలో అభ్యర్థీ తోడు వచ్చినవారూ ఒకరికొకరు చుట్టాలో, ఇరుగుపొరుగువారో అయి ఉంటారు గనుక, రహస్యం బయటపడితే దాని ఫలితం మర్నాటి నుంచే అనుభవించాల్సి వస్తుంది. బ్రిటన్‌లో కాగితపు బ్యాలెట్ మీద అతికించే ప్లాస్టిక్ పలకను వాడుతూ వచ్చారు. దాని మీద ఉబ్బెత్తు అంకెలు, ఒక్కో అంకె దగ్గర తెరుచుకునే చిన్న రెక్క ఉంటాయి. అటువంటి పలకను మన సర్పంచ్ బ్యాలెట్ కొలతకు తయారు చేయించి, కేంద్రానికి ఒకటి చొప్పున పంపడం రాష్ట్ర ఎన్నికల సంఘాలకు పెద్ద ఖర్చు కాదు.