రోజుకొక భారత కథ

సభకు నమస్కారం.

కార్గిల్ విజయ్ దివస్ అనగానే మైకు ముందు గొంతులు పెరుగుతాయి. నాకు ఆ అలవాటు లేదు, ఈ వయసులో ఓపికా లేదు. ఒక ఉత్తరం గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

రాసినవారు మేజర్ పద్మపాణి ఆచార్య. ఒడియా కుటుంబం. పుట్టింది మన హైదరాబాదులో, 1969 జూన్ 21న. చదివింది ఉస్మానియాలో. తండ్రి వైమానిక దళంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. కొడుకు 1994లో సైన్యంలో అధికారి అయ్యారు. 1999 వేసవిలో ఆయన బెటాలియన్, రెండో రాజ్‌పుతానా రైఫిల్స్, కార్గిల్ ప్రాంతంలోని ద్రాస్ కొండల్లో ఉంది. శిఖరాలెక్కి కూర్చున్న పాకిస్తాన్ సైనికులు కింద శ్రీనగర్–లేహ్ రోడ్డు మీద గుండ్లు కురిపిస్తున్న రోజులవి. జూన్ 13న తోలోలింగ్ శిఖరాన్ని ఈ బెటాలియనే గెలుచుకుంది.

ఆ తర్వాత ఆరు రోజులకు ఆయన తండ్రికి ఉత్తరం రాశారు. ప్రాణనష్టం గురించి దిగులు పడవద్దన్నారు. ఈ వృత్తిలో అది ఉన్నదే, మన చేతిలో లేనిదే అన్నారు. యుద్ధంలో పాల్గొనడం జీవితంలో దక్కే గొప్ప గౌరవమన్నారు. ఇలాంటి మాటలకు మనం చప్పట్లు కొడతాం. నేను మాత్రం ఆ తర్వాతి మాట దగ్గర ఆగిపోయాను. అప్పటికి ఆయన భార్య గర్భవతి. కోడలికి రోజుకొక భారత కథ చెప్పమని తండ్రిని కోరారు, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బాలని.

వింటే భారతమే వినాలని గారెలతో కలిపి చెప్పుకునేవాళ్లం మనం. తల్లి కడుపులోనే కథ విన్నవాడెవరో మీకు చెప్పనక్కర్లేదు. చిన్న వయసులో సైనికుడు మరణిస్తే అభిమన్యుడనడం వక్తలకు పరిపాటి. నాకెందుకో ఆ పోలిక ఇక్కడ అతకదు. అభిమన్యుడు సగమే విన్నాడు, దారి తెలియక చిక్కుకున్నాడు. ఈయన తోలోలింగ్ చూసినవారు, ఎక్కడికి వెళుతున్నారో ఎరిగినవారు. ఇక్కడ కథ వినవలసింది కడుపులోని బిడ్డ. అది సగంలో ఆగకుండా చూసే పని తాతగారికి అప్పగించారు.

జూన్ 28 రాత్రి త్రీ పింపుల్స్ శిఖరాల మీద దాడి. పేరుకు మూడు మొటిమలు, దారంతా మందుపాతరలు! ముందు నడిచిన చిన్న దళం, అంటే ప్లటూన్ మీద ఫిరంగి గుండ్లు పడి చాలామంది నేలకొరిగారు. దాడి విఫలమయ్యేలా ఉంది. కంపెనీ కమాండరైన ఆచార్య రిజర్వు ప్లటూన్‌ను వెంటబెట్టుకుని ఆ గుండ్ల మధ్యే ముందుకు సాగారు. పాకుతూ బంకరు చేరి గ్రెనేడ్లు విసిరారు. తీవ్రంగా గాయపడి ఇక కదలలేనప్పుడు, తనను వదిలి శత్రువు మీదికి వెళ్లమని జవాన్లను ఆదేశించి, పడి ఉన్న చోటు నుంచే కాల్పులు సాగించారు. స్థావరం దక్కింది, ఆయన దక్కలేదు. ముప్పై ఏళ్లు నిండి అప్పటికి వారం. మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు, యుద్ధంలో శౌర్యానికి దేశమిచ్చే రెండో అత్యున్నత పురస్కారమది.

అదే పోరులో అదే బెటాలియన్‌కు చెందిన కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా మరణించారు. ఇరవై రెండేళ్లు. ఆయనా ఇంటికి ఉత్తరం రాసి ఉంచారు. తనకు పరిచయమైన ఒక చిన్న పాపకు నెలనెలా 50 రూపాయలు ఇస్తూ ఉండమని అందులో ఉంది. చావు ఎదుట నిలిచి కూడా నెలవారీ లెక్క మరవలేదు చూడండి.

ఆచార్య దంపతులకు కొన్ని నెలల తర్వాత ఆడపిల్ల పుట్టింది.

ఆయన ఉత్తరం పూర్తిపాఠం నా దగ్గర ఉంది. నా గొంతులో కంటే మీ వయసు గొంతులో వింటే బాగుంటుంది. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయీ, ఇలా రా తల్లీ. ఇదిగో కాగితం, నింపాదిగా చదువు.