ఊళ్లోనే ఉంటూ తీర్పు చెప్పిన జడ్జి

నచ్చిన జడ్జి గురించి చెప్పమన్నారు. ఈ సభలో జూనియర్ అడ్వొకేట్లే ఎక్కువగా కనిపిస్తున్నారు కాబట్టి సుప్రీంకోర్టుల జోలికి వెళ్లను. ఒక ట్రయల్ జడ్జి, అంటే కింది కోర్టులో కేసు విచారించే జడ్జి గురించి చెబుతాను.

ఫ్రాంక్ జాన్సన్. అమెరికాలోని అలబామా ఆయనది. రెండో ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లోని నార్మండీలో గాయపడి వచ్చినవాడు. 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ని అలబామా రాజధాని మాంట్‌గోమరీలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డిస్ట్రిక్ట్ జడ్జిగా వేశారు. వయసు 37. అక్కడ ఆ ఉద్యోగం జీవితాంతం ఉంటుంది, మనకున్న ట్రాన్స్‌ఫర్ల గొడవ లేదు. కాపురం మాత్రం ఆ ఊళ్లోనే. చిక్కంతా అక్కడే.

ఏడాది తిరగకుండానే బస్సుల కేసు వచ్చింది. నల్లవాళ్లు విడిగా కూర్చోవాలన్న చట్టం చెల్లదని 1956 జూన్‌లో ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు అన్నారు. ఆ ఇద్దరిలో ఈయనొకరు. తెలిసినవాళ్లు ముఖం తిప్పుకున్నారు. ఇంటిముందు శిలువ తగలబెట్టారు, అది అక్కడి జాత్యహంకారుల బెదిరింపు. 1967లో తల్లి ఇంటిమీద బాంబు వేశారు. అదృష్టం, ఆవిడకేం కాలేదు.

నాకు బాగా నచ్చేది 1959 నాటి సంగతి. లా కాలేజీలో ఈయన క్లాస్‌మేట్ జార్జ్ వాలెస్ అప్పుడు రాష్ట్ర కోర్టులో జడ్జి. నల్లవాళ్లను ఓటర్లుగా చేర్చుకుంటున్నారా లేదా అని చూస్తున్న కేంద్ర పౌరహక్కుల కమిషన్‌కి ఓటర్ల రికార్డులు ఇచ్చేది లేదని ఊరంతా చాటాడు. ఇమ్మని జాన్సన్ ఆర్డరు వేశారు. ఓ రాత్రి వాలెస్ ఈయనింటికొచ్చి, జైలు వేసినా కొద్ది రోజులే వెయ్యమని బతిమాలాడు. జాన్సన్ వినలేదు. చివరికి అతను గ్రాండ్ జ్యూరీ (నేరారోపణ చేయాలా వద్దా తేల్చే పౌరుల బృందం) చేతిమీదుగా రికార్డులు ఇచ్చేసి, బయట మాత్రం తలొంచలేదని చెప్పుకున్నాడు. కోర్టు ధిక్కారం కేసులో జాన్సన్ శిక్షే వెయ్యలేదు. దొడ్డిదారినైనా ఆర్డరు పాటించాడు కాబట్టి నిర్దోషి అని రాసేశారు. గాలి తీసేయడం అంటే అదీ!

1965లో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీకి చేసిన పాదయాత్రకు అనుమతిచ్చిందీ ఈయనే. జరిగిన అన్యాయం ఎంత పెద్దదో నిరసన హక్కూ అంత ఉండాలన్నారు. కానీ రోడ్డు రెండు లేన్లే ఉన్నచోట 300 మందికి మించకూడదని కూడా రాశారు. ట్రయల్ జడ్జి బుర్ర అలా పనిచేస్తుంది. 1972లో రాష్ట్ర మానసిక చికిత్సాలయాల కేసులో ఎనిమిదిమంది రోగులకి ఒక మరుగుదొడ్డి ఉండాలని ఆర్డరులోనే పెట్టారు. ప్రభుత్వం చేయాల్సిన పని కోర్టు చేస్తోందని కొందరు విమర్శించారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ప్రభుత్వం చేస్తే గదా!

1979లో అప్పీల్ కోర్టుకి వెళ్లారు, 1999లో పోయారు. మాంట్‌గోమరీ ఫెడరల్ కోర్టు భవనానికి ఇప్పుడు ఆయన పేరే. దాని పక్కనే పాత బస్ స్టేషన్ ఉంది. 1961లో ఫ్రీడమ్ రైడర్లను, అంటే బస్సు ప్రయాణాల్లో వర్ణవివక్షను ధిక్కరిస్తూ తిరిగినవాళ్లను, కొట్టింది అక్కడే.