రేడియేటర్‌లో ఏ నీళ్లు పోస్తున్నారు?

శ్రోతలకు నమస్కారం.

ఎండాకాలం మధ్యాహ్నం పూట నల్లగొండ నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటుకు అటూ ఇటూ ఒకసారి గమనించండి. బానెట్ లేపి రోడ్డు పక్కకు నిలబెట్టిన బండి ఒకటైనా కనబడుతుంది. ఎక్కువగా పాత పికప్ బండే. వెనకాల బత్తాయి లోడో, బర్రెలో, ఇంటి సామానో. డ్రైవర్ చేతిలో నీళ్ల క్యాను, ముందర ఆవిరి. బండి పరుగెత్తినంతసేపు ఎదురుగాలి, ఇంజిన్ నీళ్లను చల్లార్చే రేడియేటర్‌కు తగిలి వేడి పోతుంది. టోల్ గేటు లైన్లో ఆగుతూ కదులుతూ పోయేటప్పుడు ఆ గాలి ఉండదు, ఫ్యాను ఒక్కటే దిక్కు. అంతదాకా ఎట్లాగో నెట్టుకొచ్చిన లీకు బండి అక్కడ చేతులెత్తేస్తుంది.

నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. నాకిచ్చిన సమయం కొంచెం. ఇంజిన్ సంగతంతా ఇందులో పట్టదు, ఒక్క మాటే చెప్పుకుందాం. డీజిల్ మండితే పుట్టే వేడిలో సుమారు మూడో వంతు బండిని నడుపుతుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన దాంట్లో చాలా భాగాన్ని ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లు తీసుకొచ్చి రేడియేటర్లో వదిలిపెట్టాలి. ఇంతవరకు పుస్తకం. ఇక అసలు సంగతికి వస్తాను.

నా దగ్గర చదువుకున్న పిల్లగాడొకడు నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు వెళ్లి కూర్చుంటాను. ఇంట్లో కూర్చోవడం కన్నా నాకు అదే బాగుంటుంది. ఒకరోజు పొద్దున చండూరు వైపు రైతు ఒకాయన పికప్ తోలుకొచ్చాడు. పదిహేనేళ్లు దాటిన బండి. బత్తాయి లోడేసుకుని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోయి వచ్చే బండి. “బిడ్డా, రేడియేటర్ కారుతున్నది. ఇంత ఏదన్నా అతికిచ్చి పంపు, రేపు బత్తాయి లోడు పోవాలె” అన్నాడు.

మావాడు స్పానర్ పట్టలేదు. బానెట్ లేపి ముందు చూశాడు. ఈ కాలం రేడియేటర్లలో మధ్య జాలీ అల్యూమినియంది, ట్యాంకులు ప్లాస్టిక్‌వి. రెండింటి నడుమ రబ్బరు గ్యాస్‌కెట్ పెట్టి, అల్యూమినియం అంచును పళ్లు పళ్లుగా మడిచి బిగిస్తారు. ఆ మడత పొడవునా తెల్లటి చార ఒకటి కిందిదాకా జారి ఎండిపోయి ఉంది. గోరుతో గీకాడు. పొడి రాలింది.

“కాకా, ఏ నీళ్లు పోస్తున్నవ్?” అన్నాడు.

“ఏ నీళ్లేంది? మా తోట బోరు నీళ్లే. ఇంకేం పోస్తం?”

నేను చెప్పాలనుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఏ నీళ్లు పోస్తున్నారు? నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. ఆ నీళ్లలోంచి ఫ్లోరైడును తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే పడింది. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన పద్ధతి అది. పటిక, సున్నం వేసి చేస్తారు. కానీ రేడియేటర్‌కు శత్రువు ఫ్లోరైడు కాదు. బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. నీళ్లు వేడెక్కేకొద్దీ అవి రాయిలాంటి పొరగా గొట్టాల లోపల పేరుకుంటాయి. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున చూడండి, అదే సరుకు. గిన్నెనైతే తోముకుంటాం. రేడియేటర్ గొట్టంలోకి వేలు కూడా దూరదు.

ఇంజిన్ కాసేపు నడిపి, వేడెక్కాక ఆపి, ఫ్యాను నిలిచాక మావాడు జాలీ మీద అరచేయి పెట్టి అక్కడక్కడా చూశాడు. “సార్, మీరూ పట్టుకోండి” అన్నాడు. పైన కాలుతున్నది. కింద ఒక మూల మాత్రం గోరువెచ్చగా కూడా లేదు. వేడి నీళ్లు అక్కడిదాకా పోవడమే లేదన్నమాట. గొట్టాలు మూసుకుపోయాయి.

“కాకా, ఇండ్ల ఇంకేమన్న పోసినవా?”

ఆయన కొంచెం నసిగాడు. “తొవ్వల కారుతుంటె డ్రైవర్లు చెప్పిన్రు. పసుపు పోసిన. నిలవడ్డది గదా!”

నిలబడుతుంది, కాదనను. రాత్రిపూట నార్కట్‌పల్లి దగ్గరో, జడ్చర్ల దాటాకనో బండి ఆగిపోతే, గుప్పెడు పసుపు పోసుకుని ఇల్లు చేరినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కోడిగుడ్డు సొన పోసినవాళ్లూ ఉన్నారు. ఇల్లు చేరడానికైతే సరే. చేరినాక రేడియేటర్ కడిగించకుండా అదే పసుపుతో నెలలు తిప్పితేనే చిక్కు. పసుపుకు చిల్లు ఏదో, గొట్టం ఏదో తెలియదు. సన్న సందు ఎక్కడ దొరికితే అక్కడ కూర్చుంటుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగారు. ఈ ఆగడం గురించి గట్టిగా చెప్పాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి. లోపల ఒత్తిడి ఉంటుంది. మూత బిగువుగా ఉండి 0.9 బార్ ఒత్తిడి నిలిస్తే, లోపలి నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూత తీయగానే ఆ ఒత్తిడి పోతుంది, నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి లేస్తాయి. గుడ్డ కప్పి తిప్పితే ఏం కాదనుకోవద్దు. వేడి మీద మూత తిప్పకండి.

చల్లారాక బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, కింది ప్లగ్గు విప్పి, నీళ్లు తొట్టెలోకి వదిలాడు. పసుపుపచ్చ బురద వచ్చింది. పై హోస్, కింది హోస్, అంటే రెండు రబ్బరు గొట్టాలు, పొర్లిన నీళ్లు పట్టే పక్క డబ్బాకు పోయే సన్న పైపు తీశాడు. ఫ్యాను చుట్టూ ఉండే కవర్ విప్పాడు. పక్క బోల్టులు తీసి రేడియేటర్‌ను నిలువుగా పైకి లాగాడు. తుప్పు పట్టిన ఒక బోల్టు సతాయించింది తప్ప పెద్ద కష్టమేం కాదు.

దాన్ని బయట పెట్టి, పై మూతిలోకి నల్లా పైపు పెట్టాడు. మంచి రేడియేటర్ అయితే పోసినంత నీళ్లూ కింది మూతి నుంచి ధారగా దూకాలి. ఇందులోంచి సన్నగా కారాయి, మిగిలినవి పైనుంచి పొర్లాయి. తర్వాత మూతులు బిగించి, గాలి కొట్టి, నీళ్ల తొట్టెలో ముంచాడు, సైకిల్ షాపులో ట్యూబు ముంచి పంక్చర్ చూసినట్టు. బుడగలు మడత దగ్గర ఒకచోట కాదు, వరసగా లేచాయి.

వెనకటి రాగి, ఇత్తడి రేడియేటర్లయితే ట్యాంకు ఊడదీసి, గొట్టాల్లో పుల్ల పెట్టి పొడిచి, టంకం వేసి మళ్లీ నిలబెట్టేవాళ్లు. ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి, నాకు బెంగగానే ఉంటుంది. ఈ ప్లాస్టిక్ ట్యాంకు అట్లా కాదు. ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి ఉంటుంది. ఒకచోట అతికిస్తే ఇంకోచోట విరుగుతుంది. నన్నడిగితే, ఇంతగా పాడైతే మార్చడమే నయం. రైతు కూడా కాసేపు లెక్కలేసుకుని ఒప్పుకున్నాడు.

కొత్తది కొనడానికి పోయేటప్పుడు పాతది వెంట తీసుకుపోండి. ఒకే బండిలో ఏసీ ఉన్నదానికొకటి, లేనిదానికొకటి ఉండొచ్చు. మూతులు ఏ పక్కకున్నాయి, బోల్టు చెవులు కలుస్తున్నాయా, పక్కపక్కన పెట్టి చూసుకోండి. మూత కూడా కొత్తదే తీసుకోండి. ఉబ్బిన హోస్‌లు, పగిలిన క్లిప్పులు అప్పుడే మార్చాలి.

ఇంకో మాట. కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ తీసి పారేస్తారు, “మన ఎండలకు ఇదెందుకు” అని. ఇది నాకు అస్సలు నచ్చదు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు అది, ఇంజిన్ తగినంత వేడెక్కడానికే దాన్ని పెట్టారు. తీసేస్తే ఇంజిన్ చల్లచల్లగా తిరిగి డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుతుంది.

కొత్తది బిగించే ముందు మావాడు ఇంజిన్‌లోకి కూడా నల్లా నీళ్లు వదిలి, తేటగా వచ్చేదాకా కడిగాడు. అది చేయకపోతే ఇంజిన్‌లో ఉన్న బురదంతా వచ్చి కొత్త రేడియేటర్లోనే కూర్చుంటుంది. అప్పుడు బిగించాడు. అప్పుడు రైతు, అలవాటు కొద్దీ, తన క్యాను అందించాడు.

మావాడు నవ్వి, “కాకా, మళ్ల గవే నీళ్లా?” అన్నాడు.

ఏ నీళ్లు పోయాలి మరి? బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, అందులో కూలెంట్ అని డబ్బాల్లో అమ్మే ద్రవం. చాలా బండ్లకు సగం సగం సరిపోతుంది, మీ బండి పుస్తకంలో ఏముందో అదే ఖాయం. నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ కూడా దొరుకుతుంది, దాంట్లో మళ్లీ నీళ్లు కలపకూడదు. డబ్బా మీద చదవండి, చదవడం రాకపోతే పిల్లలతో చదివించుకోండి. కూలెంట్ చలిదేశాలవాళ్లకు గదా అంటారు కొందరు. అది మరిగే డిగ్రీని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో తిరిగే బండికి రెండూ కావాలి.

పోసేటప్పుడు తొందర వద్దు. మెల్లగా పోయాలి. మూత తీసి ఉంచే, చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, స్లోలో తిరగనివ్వాలి. లోపల చిక్కిన గాలి బుడగలుగా వస్తుంది, మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. మావాడు పై హోస్‌ను చేత్తో పిసుకుతూ నిలబడ్డాడు. బుడగలు ఆగాక మూత బిగించాడు. “రేపు పొద్దుగాల, బండి చల్లగున్నప్పుడు, లోడు ఎత్తకముందే మూత తీసి చూడు. తక్కువుంటె ఇదే పొయ్యి” అని మిగిలిన డబ్బా ఆయన చేతిలో పెట్టాడు. తొవ్వలో గతి లేక మామూలు నీళ్లు పోయాల్సి వస్తే పోసుకోవచ్చు, కానీ ఇంటికి రాగానే తీయించి మళ్లీ కూలెంట్ నింపించుకోవాలి.

ఇంకొక్క నిమిషం ఉంది. తీసేసిన పాత కూలెంట్‌ను ఇంటి ముందర పారబోయకండి. అది తియ్యగా ఉంటుంది. కుక్కలు, మేకలు నాకుతాయి, పిల్లలు వేలు పెట్టి చీకుతారు. అది విషం, కొంచెం పోయినా కిడ్నీలు పాడవుతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మూత గట్టిగా ఉన్న క్యానులో పోసి, పిల్లలకు అందకుండా పెట్టి, వాడిన ఇంజిన్ ఆయిల్ తీసుకునే షెడ్డు ఏదైనా ఉంటే అక్కడ అప్పజెప్పండి. మంచినీళ్ల సీసాలో మాత్రం పోసి పెట్టకండి.

సెలవు. నమస్కారం.