రింగులోంచి దూకడం దాని డ్యూటీ కాదు

(పోలీసు అమరుల సంస్మరణ వారంలో ఒక ఉన్నత పాఠశాలలో రిటైర్డ్ డాగ్ హ్యాండ్లర్ ప్రసంగం)

వేదిక మీదున్న సీఐ గారికి, హెడ్మాస్టరు గారికి, సర్పంచి గారికి, వార్డు మెంబర్లకు, ఎండలో కూర్చున్న పిల్లలకు, వెనక నిలబడ్డ తల్లిదండ్రులకు నమస్కారం. ఎవరినైనా వదిలేస్తే ఏమీ అనుకోకండి. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా మాట్లాడింది కుక్కతోనే.

ఈ సంస్మరణకు కారణమైన, 1959లో లడఖ్‌లో చనిపోయిన పదిమంది పోలీసు జవాన్ల గురించి సీఐ గారు వివరంగా చెప్పారు. నన్ను కుక్కల గురించి చెప్పమన్నారు. ఇందాక మంటల రింగులోంచి కుక్క దూకితే చప్పట్లు మోగిపోయాయి. సంతోషమే. కానీ దొంగ రింగులోంచి దూకి పారిపోడు కదా! దాని అసలు పని ముక్కుతో. మన ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 60 లక్షలుంటే, జర్మన్ షెపర్డ్‌కు 20 కోట్లకు పైనే. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చే అకాడమీలో ఎనిమిది నెలలు నేర్పేది ఆ ముక్కును ఒక్క పని మీద నిలపడం. దొంగ జాడ పట్టేది వేరు, బాంబు వెతికేది వేరు, గంజాయి పట్టేది వేరు. బాంబు కుక్క మందుపాతర దొరికితే మొరగదు, గోకదు, కూర్చుంటుంది. గోకితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

నా కుక్క రాణి. డాబర్‌మ్యాన్, జాడ పట్టే కుక్క. ఒక ఊళ్లో బీరువా పగలగొట్టి బంగారం ఎత్తుకుపోయారని ఫోనొచ్చింది. మేం వెళ్లేసరికి ఆ ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది. ఒక పెద్దాయన బీరువా తలుపు పట్టుకుని "ఇదిగో సార్, ఇక్కడే" అని ఊపి మరీ చూపిస్తున్నాడు. ఇంటావిడ ఏడుస్తూనే కింద పడ్డ చీరలన్నీ మడతపెట్టి మంచం మీద పేర్చేసింది. వాకిట్లో కళ్లాపి కూడా చల్లేశారు. ఇక రాణికి నేనేం వాసన చూపించాలి?

వెనక కిటికీ కింద ఇనుప రాడ్డు దొరికింది. దాన్నీ ఇద్దరు చేత్తో పట్టుకుని చూశారట! రాణి వాసన చూసి నేరుగా వెళ్లి ఆ పెద్దాయన ముందే నిలబడింది. రాడ్డు పట్టుకున్న ఇద్దరిలో ఆయనొకడు. జనం ఒకటే నవ్వులు. మళ్లీ వాసన చూపించాను. ఈసారి గోడ దాటి, చేలగట్టు పట్టుకుని తారు రోడ్డెక్కి, కల్వర్టు దగ్గర ఆగిపోయింది. "బస్సు కోసం ఆగిందా సార్?" అన్నాడొక కుర్రాడు. మర్నాడు పేపర్లో "జాగిలం కొద్దిదూరం వెళ్లి ఆగిపోయింది" అని రాశారు.

ఆగిపోవడమే సమాచారం, బాబూ! దొంగ అక్కడ బండెక్కాడు. ఆ ఒక్క సమాచారంతోనే క్రైమ్ సిబ్బంది ఆ రోడ్డు మీదున్న పెట్రోల్ బంకు కెమెరా చూసి, రెండో రోజుకల్లా బండి నంబరు పట్టారు. పేపర్లో రాణి పేరు రాలేదు.

రాణి చూపించింది కోర్టులో నిలుస్తుందా అని మాస్టార్లు అడగొచ్చు. కుక్క బోనెక్కి సాక్ష్యం చెప్పలేదు, లాయర్లు దాన్ని ఎదురు ప్రశ్నలు వేసి క్రాస్ చేయలేరు. దర్యాప్తుకు కుక్కల్ని వాడుకోవచ్చు గానీ కోర్టులు వాటికి పెద్ద విలువ ఇవ్వనక్కర్లేదని 2001లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. సబబే. కుక్క దారి చూపిస్తుంది, రుజువులు మనం వెతుక్కోవాలి.

2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు, గుర్తుందా? బురద, నీళ్లు, విరిగిన మిషను ముక్కలు. కేరళ పోలీసుల కుక్కల్ని తెప్పించారు. శవాల వాసన పట్టడమే వాటి పని. అవి ఆగిన చోట తవ్వితే మార్చి 9న ఒకాయన మృతదేహం దొరికింది. ఆ కుటుంబానికి కడసారి చూపైనా దక్కింది.

అమ్మా, మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నా. ఇంట్లో దొంగలు పడితే 100కి ఫోన్ చేయండి. ఆ గదిలోకి ఎవర్నీ పోనివ్వకండి. ఊడవకండి, సర్దకండి, కళ్లాపి అసలే చల్లకండి. పోయింది మీ సొమ్మే అయినా, మేం వచ్చేదాకా బీరువా ముట్టుకోకండి. చుట్టాలొస్తే వీధి అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇవ్వండి. ఎండెక్కేకొద్దీ వాసన పలచబడిపోతుంది, అందుకని తెల్లారేదాకా ఆగకుండా అర్ధరాత్రయినా సరే ఫోన్ చేయండి.

హెడ్మాస్టరు గారు వాచీ చూస్తున్నారు. పిల్లలూ, కుక్కను మీ దగ్గరికి తెస్తారు. హ్యాండ్లర్ అన్నను అడిగాకే ముట్టుకోండి. బిస్కెట్లు జేబులోనే ఉంచుకోండి, అది హ్యాండ్లర్ పెడితేనే తింటుంది. ముందు ఆరో తరగతి వాళ్లు రండి, తోసుకోకుండా.